అమెరికా స్నేహం ఉంచుకోండి, దాని ఖర్చు మాత్రం మా చెరువు గట్టు మీద వసూలు చేయకండి

పశ్చిమ గోదావరి జిల్లా,
2025 నవంబరు 5

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభకు వెళ్లిన 42 మంది, రాజ్యసభలో ఉన్న 18 మంది గౌరవ సభ్యులకు,

నమస్కారం.

నేను రొయ్యల రైతును. సొంత చెరువు మూడెకరాలు, లీజుకు తీసుకున్నది ఐదెకరాలు. అంతకుముందు ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పాను. అందువల్ల ఈ లేఖలో మేత ధరతో పాటు కొంత చరిత్ర కూడా వస్తుంది, ఓపిక పట్టండి.

సెప్టెంబరు మొదటి వారంలో మా మండలం రైతులం నలభై మందిమి అమెరికా సుంకం దెబ్బ గురించి సంతకాలు చేసి ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. స్టాంపు వేసిన రసీదు నా బీరువాలో ఉంది. ఇప్పటికి మూడుసార్లు వెళ్లి అడిగాం. మూడుసార్లూ ఒకే మాట: "పైకి పంపాం." పైన అంటే ఎక్కడో, ఎవరి బల్ల మీదో చెప్పేవారు లేరు. అక్కడ కూర్చున్న గుమాస్తా మంచివాడే, మంచినీళ్లు కూడా ఇచ్చాడు. కానీ అమెరికా వేసిన సుంకం గురించి ఆయన మాత్రం ఏం చేయగలడు? ఆ మాట మాట్లాడవలసిన చోట కూర్చున్నది మీరు. అందుకే ఈ లేఖ మీకు, అందరూ చదివేలా.

ముందు ఒక రాత్రి సంగతి చెబుతాను.

ఆగస్టు 27న అమెరికాలో మన సరుకు మీద 50 శాతం సుంకం అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత మూడో రోజు మా చెరువు పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యను పట్టి అమ్మే రోజు. వనామీ రకం, 40 కౌంటు అంటే కిలోకు నలభై తూగేది, మేత చూసుకునే చెక్ ట్రేలో చూస్తే రొయ్య గాజులా మెరుస్తోంది. ముందు రోజు సాయంత్రం ఏజెంటు ఒక ధర చెప్పాడు. తెల్లవారుజామున మూడింటికి ఐసు బండి గట్టు మీదికి వచ్చి, కూలీలు నడుము లోతు నీళ్లలో వల లాగుతుండగా ఫోను చేసి ఇంకో ధర చెప్పాడు. కిలోకు 45 రూపాయలు తక్కువ. వల దించాక ఆపితే ఏమవుతుందో డెల్టా నుంచి గెలిచిన సభ్యులకు నేను చెప్పక్కరలేదు. అడుగు మట్టి లేస్తుంది, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, మిగిలిన రొయ్య తెల్లారేసరికి గట్టు వారకు చేరి తేలుతుంది. ధాన్యమైతే పురి కట్టి ధర వచ్చేదాకా ఆపుకుంటాం. రొయ్యను ఏ పురిలో కడతాం? రోజూ మేత వేయాలి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి, తెల్లమచ్చ వైరస్ రాకుండా దేవుడికి దండం పెట్టుకోవాలి. ఇచ్చేశాను. ఏజెంటును తిట్టలేదు కూడా. అతనికి రొయ్య శుద్ధి చేసి ఎగుమతి చేసే ప్లాంటు వాళ్లు చెప్పారు, వాళ్లకు అమెరికాలో కొనేవాడు చెప్పాడు, అతనికి వాషింగ్టన్ చెప్పింది.

ఇప్పుడు లెక్కలు. 2024-25లో మన దేశం ఎగుమతి చేసిన శీతలీకరించిన రొయ్య 7,41,529 టన్నులు. అందులో అమెరికా ఒక్కటే 3,11,948 టన్నులు కొంది. అంటే పది కిలోల్లో నాలుగు కిలోలకు పైగా ఒకే దుకాణానికి వెళుతోంది. దేశంలో రొయ్య ఎక్కువగా పండించేది మన ఆంధ్రప్రదేశ్. ఆ దుకాణం గుమ్మంలో ఇప్పుడు మన మీద 50 శాతం, దానికి తోడు పాత యాంటీ డంపింగ్ (మరీ చవకగా అమ్ముతున్నామని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీ ఉందని వేసేది) సుంకాలు కలిపి 58 శాతం దాటింది. మనకు అసలు పోటీదారైన ఈక్వెడార్‌కు 15 శాతం. వియత్నాంకు 20, ఇండోనేసియాకు 19. ఈక్వెడార్ వాడికి ఓడ ప్రయాణం కూడా దగ్గర. ఇక మన రొయ్యను ఎవరు కొంటారు?

ఆ 50లో సగం రష్యా చమురు కొన్నందుకు జరిమానా. దీని గురించి ఒక్క మాట. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపు. తర్వాత అది మూడో వంతు దాటింది. చవకగా దొరికింది, కొన్నారు, అది తప్పని నేను అనను. చైనా మనకంటే ఎక్కువ కొంది, దానికి ఈ జరిమానా లేదు. యూరప్ దేశాలు రష్యా గ్యాసు కొంటూనే ఉన్నాయి, వాటికీ లేదు. కానీ నా ప్రశ్న అమెరికాకు కాదు, మీకు. ఆ చవక చమురు వచ్చిన మూడేళ్లలో మా ఊరి బంకులో పెట్రోలు 109 రూపాయల కిందికి దిగలేదు. కరెంటు పోయినప్పుడు ఏరేటర్లు తిప్పే జనరేటరుకు పోసే డీజిలు వంద దరిదాపుల్లోనే ఉంది. లాభం శుద్ధి కర్మాగారాలకు, పన్ను ఖజానాకు, జరిమానా మాకు. ఈ పంపకం ఏ సభలో తీర్మానించారో చెప్పండి.

ఇంకో సంగతి గమనించారా? ఈ సుంకాలు వేసిన ఉత్తర్వుల్లోనే హైదరాబాద్ చుట్టుపక్కల తయారయ్యే జెనెరిక్ మందులకు మినహాయింపు ఉంది. స్మార్ట్ ఫోన్లకు ఉంది. శుద్ధి చేసిన పెట్రోలు ఉత్పత్తులకూ ఉంది. అమెరికాకు అవసరమైనవన్నీ పక్కన పెట్టి, అవసరం లేదనుకున్న వాటి మీదే దెబ్బ వేశారు. రొయ్య, బట్టలు, తోలు, తివాచీ, నగలు. వీటన్నిటి వెనుకా ఉన్నది చేతులతో పని చేసేవాళ్లే. రెండు ప్రభుత్వాలకూ నొప్పి తెలియని చోటు చూసి మరీ గిల్లినట్టుంది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు అని మా నాన్న అనేవారు. ఇక్కడ ఆంబోతులు పోట్లాడుకోవడం కూడా లేదు. మొన్న అక్టోబరు 31న కౌలాలంపూర్‌లో మన రక్షణ మంత్రి, అమెరికా రక్షణ మంత్రి కూర్చుని పదేళ్ల రక్షణ సహకార ఒప్పందం మీద సంతకాలు చేశారు. విరిగిన కాళ్లు మాత్రం మావి.

అలాగైతే ఈ స్నేహం మనకు అక్కర్లేదా? మా గట్టు మీద రోజూ జరిగే వాదన ఇదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉంచుకోవాలి. అయితే ప్రేమతో కాదు, లెక్కతో.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ఒకసారి విశాఖ బీచ్ రోడ్డుకు రండి. అక్కడ ఇసుక మీద ఐఎన్ఎస్ కురుసుర ఉంది. సోవియట్ రష్యాలో కట్టిన జలాంతర్గామి, 2002 నుంచి మ్యూజియం. నా విద్యార్థులను రెండుసార్లు తీసుకెళ్లి చూపించాను. అక్కడి నుంచి సముద్రం వైపు చూస్తే కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది. 1971 డిసెంబరులో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి వచ్చి తానే మునిగిపోయిన ఘాజీ. అది పాకిస్తాన్ జలాంతర్గామి అని పిల్లలందరూ చెబుతారు. అది అంతకుముందు అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో తిరిగిందని, అమెరికాయే పాకిస్తాన్‌కు ఇచ్చిందని చెబితే ఆశ్చర్యపోతారు. అదే నెలలో అమెరికా తన ఏడో నౌకాదళం నుంచి ఎంటర్‌ప్రైజ్ నౌకను బంగాళాఖాతానికి పంపింది. ఇప్పుడు అదే విశాఖ రేవులో ఐఎన్ఎస్ జలాశ్వ ఉంటుంది. దాని పాత పేరు ట్రెంటన్, అమెరికా నుంచి కొన్నది, 2007లో మన నౌకాదళంలో చేరింది. కోవిడ్ రోజుల్లో మాల్దీవుల్లో చిక్కుకున్న మనవాళ్లను తీసుకొచ్చింది అదే. ఏప్రిల్‌లో టైగర్ ట్రయంఫ్ పేరుతో రెండు దేశాల సైనికులు విశాఖ, కాకినాడల్లోనే విన్యాసాలు చేశారు.

ఒకే రేవు, ఒకే సముద్రం. యాభై ఏళ్లలో అమెరికా మన శత్రువుకు ఆయుధమిచ్చినవాడు, తర్వాత మనకే ఓడ అమ్మినవాడు. అమెరికా మారలేదు, దాని అవసరం మారింది. ఇది నింద కాదు. మేమూ గిట్టుబాటు చూసుకునే ఏజెంటును మారుస్తాం.

నా చిన్నతనంలో బడిలో మధ్యాహ్నం ఉప్మా పెట్టేవారు. పసుపు రంగు మొక్కజొన్న రవ్వ, దాంతో పాటు పాలపొడి కలిపిన నీళ్లు. అమెరికా ఉప్మా అనేవాళ్లం. మా తరం వాళ్లు మీలో ఉంటే ఆ వాసన గుర్తుండే ఉంటుంది. ఆకలికి అది అమృతమే, ఇప్పటికీ కాదనను. పెద్దయ్యాక చదివితే తెలిసింది. 1965, 66 కరవుల్లో అధ్యక్షుడు జాన్సన్ గోధుమల ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలేవాడని, వియత్నాం మీద మన దేశం మాట్లాడిన మాటలకు ఆయనకు కోపమని. అన్నం పెట్టిన చెయ్యే మెడ పట్టుకుంది. ఆ అవమానం లోంచే మన వాళ్లు కొత్త వరి, గోధుమ వంగడాల వైపు పరుగెత్తారు. ఆ వంగడాల్లో కొన్నిటి వెనుక అమెరికా శాస్త్రజ్ఞుల చెయ్యి ఉందన్నది ఇంకో నిజం. ఇలాంటి బంధాన్ని మిత్రుడు, శత్రువు అనే రెండు డబ్బాల్లో ఎలా పెడతారు?

ఈ ఏడాది జూలై 30న శ్రీహరికోట నుంచి నిసార్ ఉపగ్రహం ఎగిరింది. ఇస్రో, నాసా కలిసి చేసింది, 150 కోట్ల డాలర్ల పని. నేల కుంగినా, వరద వచ్చినా పైనుంచి చూసి చెబుతుంది. సరిగ్గా అదే రోజు అమెరికా అధ్యక్షుడు మన మీద 25 శాతం సుంకం, దాని మీద జరిమానా ప్రకటించారు. ఆ సాయంత్రం మా ఇంట్లో టీవీలో రెండు వార్తలూ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మా మనవడు చప్పట్లు కొట్టాడు, నేను తల పట్టుకున్నాను.

ఈ బంధం బీటలు వారితే సామాన్యులకు ఏమవుతోందో వరసగా చెబుతాను. మీరు సభలో చదివేందుకు వీలుగా అంకెలు వేస్తున్నాను.

1. మా ఊళ్లో ప్లాంటుకు పనికి వెళ్లే ఆడవాళ్లు రైతుకంటే ముందు దెబ్బ తిన్నారు. ఈ మాట ఎవరూ రాయడం లేదు. రొయ్య తల తీసి, పొట్టు వలిచి, నడుము మీద సన్నగా గీసి నల్లటి నరం లాగే పని వాళ్లది. పొద్దున్నే ఆరింటికి బస్సు వస్తుంది. తెల్ల కోటు, తలకు టోపీ, రబ్బరు బూట్లు, చేతులు రోజంతా ఐసు నీళ్లలో. మా పక్కింటి ఆవిడ వేళ్ల చివర్లు ఎప్పుడూ నానిన అటుకుల్లా ఉంటాయి. వాళ్లలో ఎక్కువ మందికి చెరువు లేదు, పొలం లేదు, ఆ కూలే ఆధారం. వారానికి ఆరు రోజులు వచ్చే బస్సు సెప్టెంబరు నుంచి మూడు రోజులే వస్తోంది. పొదుపు సంఘం వాయిదా మాత్రం తప్పడం లేదు. ఆర్డరు తగ్గితే ప్లాంటు యజమాని కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచుకుంటాడు, నేను చెరువు ఎండబెట్టుకుంటాను, ఆమె ఏం దాచుకోగలదు?

2. లీజు రైతు. ఎకరానికి ఇంతని ముందే కట్టాలి, పంట పోయినా తిరిగి రాదు. బ్యాంకు అప్పు పట్టా ఉన్నవారికే వస్తుంది, లీజు రైతుకు మేత డీలరే బ్యాంకు. అరువు మీద మేత తెచ్చుకుంటే ధరలోనే వడ్డీ కలిసి ఉంటుంది. ఎగుమతిదారులకు ఏదో ఊరట ఇవ్వాలని ఢిల్లీలో ఆలోచిస్తున్నారని పత్రికల్లో చదివాను. మంచిదే. కానీ ఎగుమతిదారుకు పోసిన నీళ్లు మా మొదట్లోకి వస్తాయని ఎవరూ అనుకోవద్దు. ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్నాను.

3. సాగు తగ్గితే హేచరీలో రొయ్య పిల్ల కొనేవారు ఉండరు, ఐసు ఫ్యాక్టరీ ఆగుతుంది, వల లాగే ముఠా కూలీలు ఊరు వదులుతారు. వరి పొలాలను చెరువులుగా తవ్వినప్పుడు తిరిగి వరికి వెళ్లే దారి మూసేసుకున్నాం, ఆ నేల ఉప్పెక్కింది. ఇది మా తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ ఎగుమతి చెయ్యండి, డాలర్లు తెండి అని మా వీపు తట్టింది ప్రభుత్వాలే.

4. పిల్లలు. సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. మన డబ్బుల్లో 88 లక్షలు. 2024లో ఆ వీసా ఆమోదాల్లో పదింటికి ఏడు మన దేశస్థులవే, వాళ్లలో మన తెలుగు వాళ్లు ఎంతమందో మీకు తెలుసు, మీలో కొందరు ఏటా అక్కడి తెలుగు సభలకు అతిథులుగా వెళ్లి వస్తూనే ఉన్నారు కదా. మా మేనల్లుడు చెల్లెలి నిశ్చితార్థానికి వచ్చాడు. శనివారం పొద్దున కంపెనీ వకీలు నుంచి సందేశం: 24 గంటల్లో అమెరికాలో ఉండాలి. అరటి ఆకులు వేసి ఉన్నాయి, పప్పు వడ్డించారు, తినకుండానే లేచాడు. కారులో శంషాబాద్ చేరేసరికి టిక్కెట్టు ధర మూడింతలైంది. అప్పుచేసి కొన్నాం. వాడు దిగేలోపే అక్కడి ప్రభుత్వం చెప్పింది: ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదని. వాళ్ల అమ్మ ఆ రోజు నుంచి నిద్రకు మాత్ర వేసుకుంటోంది. ఇక పొలం తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పంపిన తల్లిదండ్రుల సంగతి వేరే లేఖ అవుతుంది. 2023-24లో అమెరికాలో చదివిన మన విద్యార్థులు 3,31,602 మంది. ఈ వేసవిలో మూడు వారాలకు పైగా కొత్త వీసా ఇంటర్వ్యూలే ఇవ్వలేదు.

5. కొవ్వాడ. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో ఆరు అమెరికా అణు రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. 2008లో అణు ఒప్పందం కుదిరింది. పదిహేడేళ్లు. ఒక్క రియాక్టరుకూ పునాది పడలేదు. అక్కడి జాలరి కుటుంబాలు ఊరు ఉంటుందో పోతుందో తెలియక ఇల్లు కట్టుకోవాలా వద్దా అని చూస్తున్నాయి. స్నేహం బాగున్నప్పుడు కూడా దాని భారం ఎవరి నెత్తిన పడిందో చూడండి.

ఇవన్నీ చెప్పి మళ్లీ స్నేహం ఉంచుకోమంటున్నావేమిటని మా గట్టు మీద కుర్రాళ్లు నన్ను నిలదీస్తారు. అమెరికా సరుకు కొనొద్దు, తెంచేసుకుందాం, రష్యా ఉంది, చైనా ఉంది అంటారు. వాళ్ల ఆవేశం నాకు అర్థమవుతుంది. కానీ లెక్క చూడండి. 2024-25లో మన సరుకు అమెరికా కొన్నది 8,650 కోట్ల డాలర్లకు. రష్యా కొన్నది 490 కోట్ల డాలర్లకు. రష్యా దగ్గర మనం కొనేదే ఎక్కువ, అమ్మేది చాలా తక్కువ. చైనా మన రొయ్య కొంటుంది, నిజమే. కానీ 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా సైన్యంతో పోరులో ప్రాణం ఇచ్చిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆ సరిహద్దులో పొరుగువాడిని చూసి భయపడే రోజున ఉపగ్రహ చిత్రాలో, గస్తీ విమానమో ఇచ్చేవాడు ఒకడు కావాలి. హైదరాబాద్ పక్కనున్న ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల చట్రాలు మన కుర్రాళ్లు తయారు చేస్తున్నారు, విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రం పెడతామని గూగుల్ అక్టోబరులోనే ప్రకటించింది. ఇన్ని దారాలు పెనవేసుకున్నాక కోపంతో కత్తెర పెడితే మన పంచెకే చిల్లు.

ఇంకో రకం వాళ్లున్నారు. దేశం కోసం కొంచెం ఓర్చుకోవాలి, ఇది ఆత్మగౌరవ సమస్య అని టీవీల్లో చెప్పేవాళ్లు. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఓర్చుకోవడానికి మేం సిద్ధమే, 1971లో బ్లాకౌట్‌లో లాంతరు మీద గుడ్డ కప్పుకుని కూర్చున్నవాళ్లం. కానీ అప్పుడు ఊరంతా చీకట్లో కూర్చుంది. ఇప్పుడు లాంతరు ఆర్పింది మా ఇంట్లో మాత్రమే. హ్యూస్టన్‌లో, అహ్మదాబాద్‌లో రెండు దేశాల నాయకులు స్టేడియాలు నింపి చేతులు పట్టుకుని ఊపినప్పుడు వచ్చిన పేరు మాకు పంచలేదు, ఇప్పుడు ఖర్చు ఎందుకు పంచుతున్నారు?

ఒక్క మాట అమెరికా తరఫున కూడా. లూసియానా తీరంలో వల వేసే జాలరి మన చవక రొయ్య వల్ల బతుకు పోయిందని ఇరవై ఏళ్లుగా వాళ్ల ప్రభుత్వం దగ్గర మొర పెట్టుకుంటున్నాడు. వాళ్లు తినే రొయ్యలో తొంభై శాతానికి పైగా దిగుమతే. ఆయన కోపం నాకు కొత్త కాదు, నేనూ అలాగే లేఖ రాస్తున్నాను. తేడా ఏమిటంటే ఆయన మొర వాళ్ల చట్టసభ విన్నది.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి.

1. వచ్చే శీతాకాల సమావేశాల్లో అమెరికాతో సంబంధాల మీద పూర్తి చర్చ జరగాలి. 2008 జూలైలో అణు ఒప్పందం మీద ఇదే సభ రెండు రోజులు చర్చించి, విశ్వాస పరీక్ష దాకా వెళ్లింది. ఆ చర్చలో నోట్ల కట్టలు కూడా కనిపించాయి, అది వేరే సంగతి. అయినా చర్చ జరిగింది, ఎవరు ఎటు ఉన్నారో దేశానికి తెలిసింది. ఇప్పుడు రైతు నెత్తిన 50 శాతం పడితే పార్టీలకు అతీతంగా మీ అరవై మందిలో ఎవరు ఏమన్నారో మాకు తెలియడం లేదు.

2. అమెరికాతో వాణిజ్య ఒప్పందం మాట్లాడుతున్నారు. మన రాజ్యాంగం ప్రకారం సంతకానికి ముందు పార్లమెంటు అనుమతి తప్పనిసరి కాదని నాకు తెలుసు, పిల్లలకు అదే పాఠం చెప్పాను. తప్పనిసరి కాకపోయినా ముసాయిదాను వాణిజ్య స్థాయీ సంఘం ముందుకు తెప్పించండి. మీలో ఆ సంఘంలో ఉన్నవారు గట్టిగా అడగండి.

3. ఇది మా వాళ్లలోనే కొందరికి నచ్చదు, అయినా రాస్తున్నాను. మా రొయ్య సుంకం తగ్గించడానికి మొక్కజొన్న, పాల రైతును బేరం పెట్టకండి. అమెరికా అడుగుతున్నది మన మొక్కజొన్న, సోయా, పాల మార్కెట్ అని అందరికీ తెలుసు. అమెరికా సోయా చవకగా వస్తే మా మేత ఖర్చు తగ్గుతుంది, నాకు లాభమే. కానీ ఖమ్మంలో, నిజామాబాద్‌లో మొక్కజొన్న కళ్లాల్లో పోసుకుని కూర్చునేవాడి మొహం నా మొహం లాంటిదే. అతని కొంప కూల్చి మా చెరువు గట్టు పోసుకోలేం.

4. రష్యా చమురు వల్ల మూడేళ్లలో దేశానికి మిగిలింది ఎంత, అది ఎవరి ఖాతాలో పడింది, లిఖితపూర్వకంగా సభలో అడగండి. మిగిలినదాంట్లోంచి జరిమానా భారం మోస్తున్నవారికి పంచమని అడగండి. వడ్డీ వాయిదా, అప్పుల కాలపరిమితి పెంపు లీజు రైతులకు, రొయ్య వలిచే పీలింగ్ షెడ్డు కూలీలకు కూడా చేరాలి. పట్టా లేదన్న సాకు వద్దు, లీజు కాగితాలు, మేత బిల్లులు మా దగ్గర ఉన్నాయి.

5. ఒకే దుకాణం మీద ఆధారపడటం మా గుణపాఠం, మీది కూడా. బ్రిటన్‌తో జూలై 24న ఒప్పందం సంతకమైంది, అందులో రొయ్యకు సుంకం పోతుంది, కానీ అది ఇంకా అమల్లోకి రాలేదు. త్వరపెట్టండి. యూరప్ మన రొయ్య కంటెయినర్లలో సగం తెరిచి పరీక్షిస్తుంది, యాంటీబయాటిక్ అవశేషాల భయంతో. ఇందులో మా పాపం ఉంది, కొందరు రైతులు, మందుల దుకాణాలు కలిసి చేసిన పాపం. ప్రతి మండలంలో నీరు, రొయ్య పరీక్షించే ల్యాబు, నిషేధిత మందులు అమ్మేవారి మీద కేసులు కావాలి. ఈ పని కోసం వాషింగ్టన్‌ను అడగాల్సిన అవసరం లేదు.

6. హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద మార్పు వచ్చిన ప్రతిసారీ వాట్సాప్ పుకార్లే మాకు దిక్కవుతున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ తెలుగులో జవాబిచ్చే సహాయ కేంద్రం ఒకటి, ఇరవై నాలుగు గంటలూ పనిచేసేది పెట్టించండి.

సంక్రాంతి తర్వాత మా రెండో పంట పట్టుబడి ఉంటుంది. తేదీ వారం ముందు తెలుస్తుంది. మీలో ఎవరైనా రావాలనుకుంటే కబురు పంపండి, తెల్లవారుజామున మూడింటికి గట్టు మీద మంచం వేసి ఉంచుతాం, ఏజెంటు ఫోను మీ ఎదుటే మోగుతుంది. రాలేనివారు కనీసం జవాబు రాయండి. తెలుగులో రాయండి, ఎందుకంటే సంతకాలు పెట్టిన నలభై మందికీ దాన్ని నేను చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు, రిటైరైన ఉపాధ్యాయుడు